వాలు మీద ఎర్ర మచ్చ

మార్చి 3, సోమవారం

తలలో గోల ఎక్కడో ఒకచోట దింపుకోవాలి, అందుకే రాస్తున్నాను. ఇది నా ఒక్కదానికే.

పొద్దున్న కమిషనర్ పిలిచి బస్సుల మ్యాపు పని నాకు అప్పగించారు. ఏడాది క్రితం మున్సిపల్ బస్సులన్నిటికీ చిన్న చిన్న పెట్టెలు బిగించారు. బస్సు ఎక్కడుందో అవి క్షణక్షణం చెబుతుంటాయి. చెబుతూనే ఉన్నాయి పాపం, వినే నాథుడే లేడు. ఇప్పుడు ప్రాంతీయ రవాణా ఆఫీసు నుంచి కబురొచ్చింది. నెలాఖరులోగా ఈ సమాచారమంతా సరిచేసి పంపితే ప్రయాణికులు ఫోన్లో చూసుకునే యాప్‌లో మన ఊరిని కూడా చేరుస్తారట. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. కొత్త బస్సులు ఇచ్చేటప్పుడు కూడా అలాంటి ఊళ్ళనే ముందు చూస్తారట.

"మీరు ఇన్నేళ్ళుగా మ్యాపులు గీస్తున్నారు, ఇది మీ చేతిలో పనే" అన్నారు కమిషనర్. ఆవిడ నాకంటే చాలా చిన్నది, ఈ ఊరికి కొత్త. నేను గీసేవి మురుగు కాలువల మ్యాపులు. కాలువలు కదలవు మేడమ్ అందామనుకున్నాను. అనలేదు. సరేనన్నాను.

ఇంటికొచ్చి చెబితే ఆయన "మంచిది" అన్నారు. అంతే. తను నడిపే బస్సులో కూడా ఆ పెట్టె ఉందని గుర్తుందో లేదో.

మార్చి 5, బుధవారం

ఈ పని ఇంత బాగుంటుందని అనుకోలేదు. మీట నొక్కగానే ఊరంతా చుక్కలు చుక్కలుగా కదులుతుంది. బస్సు వేగంగా వెళ్ళినచోట చుక్కలు దూరం దూరంగా పడతాయి, నెమ్మదించినచోట ఒకదాని మీద ఒకటి పడి చిక్కబడతాయి, ఆగినచోట ఎర్రటి మచ్చవుతుంది. ఇన్నాళ్ళూ నేను నడిచిన వీధులేనా ఇవి అనిపించింది. ఆసుపత్రి మలుపులో పొద్దునపూట అన్ని బస్సులూ ఇరుక్కుంటున్నాయి. ఎందుకో నాకు తెలుసు, ఆటోలన్నీ అక్కడే నిలబెడతారు. తెలిసిన సంగతే అయినా బొమ్మలో చూస్తే వేరుగా ఉంది. ఎవరికైనా చూపించి ఒప్పించొచ్చు.

స్టాపులు మాత్రం ఎవరు గుర్తించారో గానీ తలా తోకా లేకుండా ఉన్నాయి. మార్కెట్ స్టాపు నది మధ్యలో ఉంది. లైబ్రరీ స్టాపు ఎవరిదో పెరట్లో. రేపటి నుంచి ఫోన్ పట్టుకుని ఒక్కో స్టాపు దగ్గరా నిలబడి సరిచేసుకురావాలి.

మార్చి 7, శుక్రవారం

నాలుగో నంబరు రూటు చూశాను. పాత పిండిమిల్లు దాటాక రోడ్డు వాలుగా దిగుతుంది కదా, అక్కడ మచ్చ. స్టాపు లేదు, సిగ్నల్ లేదు, ఇళ్ళు కూడా లేవు. సాయంత్రం ట్రిప్పులో మాత్రమే. బస్సు రోడ్డు పక్కకి తీసి ఆపి ఉంచుతున్నారు, చాలాసేపు. మళ్ళీ బయల్దేరుతున్నారు. దాదాపు రోజూ.

ఒకే బస్సు.

ఆ బస్సు ఎవరు నడుపుతారో డ్యూటీ చార్టులో చూడక్కర్లేదు. అయినా చూశాను.

మార్చి 8, శనివారం

పెట్టె పాడై ఉంటుంది.

మార్చి 10, సోమవారం

లైబ్రరీ స్టాపు సరిచేయడానికి వెళ్ళాను. పని తొందరగా అయిపోయింది. పిండిమిల్లు అక్కడికి దగ్గరేమీ కాదు, అయినా నడక మంచిదే కదా అని అటు నడిచాను.

వాలు మీద మొక్కల నర్సరీ ఉంది. ఇదివరకు లేదు. ఒకావిడ కుండీల్లో మట్టి నింపుతోంది. నాకంటే పదేళ్ళు చిన్నదై ఉంటుంది. మనిషి కళగా ఉంది, నవ్వుముఖం.

"ఏం కావాలక్కా?" అంది.

ఏం కావాలో నాకు తెలియలేదు. మల్లె అంటు ఉందా అన్నాను. ఉందంది. "ఇక్కడ బస్సు ఆగుతుందా?" అని అడిగాను, మొక్క చూస్తూ.

"స్టాపు లేదక్కా. కానీ సాయంత్రం బస్సు ఆపుతారు ఆ డ్రైవరుగారు. చాలా మంచాయన. నీళ్ళిస్తాను, కాసేపుండి వెళతారు."

మల్లెమొక్క కొన్నాను. బాల్కనీలో మొక్కల్లేక బోసిగా ఉంది ఎలాగూ.

మార్చి 12, బుధవారం

ఈ మధ్య ఆయన నా ముఖంలోకి చూడటం లేదు. ఇవాళ కనిపెట్టి చూశాను. మాట్లాడేటప్పుడు నా చెవి వైపో, భుజం వైపో చూస్తారు. కొత్త మల్లెమొక్క పక్కనుంచే రెండు రోజులుగా తిరుగుతున్నారు, ఎక్కడిదని కూడా అడగలేదు. ఎక్కడిదో తెలిసినవాళ్ళు అడగరు.

భోజనాల దగ్గర నీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి పడేశారు.

"ధ్యాస ఎక్కడుందిరా నీకు?" అంది అత్తయ్య.

"ఇక్కడే ఉందమ్మా" అన్నారు, గుడ్డ కోసం తడుముకుంటూ.

నేను మామూలుగా అడిగినట్టే అడిగాను. "సాయంత్రం ట్రిప్పు ఎలా నడుస్తోంది?"

"రోడ్డు మీద నడుస్తోంది."

అత్తయ్య నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు.

అడిగేయొచ్చు. మిల్లు దగ్గర ఎందుకు ఆగుతున్నారండీ అని ఒక్క మాట. కానీ నాకెలా తెలుసంటే ఏం చెప్పను? మ్యాపులో చూశాననా? కట్టుకున్నవాడి వెనక చుక్కలు లెక్కపెట్టుకుంటూ తిరిగానని చెప్పుకోవాలి. నేనలా తిరగలేదు. అది నా ఉద్యోగం.

మార్చి 14, శుక్రవారం

కమిషనర్ నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మ్యాపు చూసి చిన్నపిల్లలా సంబరపడ్డారు. ఆసుపత్రి మలుపు చూపించాను. ఆటోలకి వెనక సందులో చోటిద్దామన్నారు. ఇంతవరకూ బాగానే ఉంది.

"ఇదేమిటి, వాలు మీద ఈ ఎర్రది?"

"పెట్టె తప్పు మేడమ్. అక్కడ సిగ్నల్ సరిగా అందదు."

మాట దానంతట అదే వచ్చేసింది. నేను ఆలోచించలేదు.

"అయితే తీసేయండి. చెత్త సమాచారం పంపితే వాళ్ళు వెనక్కి కొడతారు" అని లేచి వెళ్ళిపోయారు.

తీసేశాను. ఒక్క బస్సునే తీస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారేమో అనిపించింది. అందుకని ఆ వాలు చుట్టూ ఒక గీత గీసి, దాని లోపల ఏ బస్సు నెమ్మదించినా ఆగినా అది యంత్రం తప్పే, వదిలేసి లెక్కెయ్యి అని కంప్యూటరుకి చెప్పాను. మచ్చ పోయింది. రోడ్డు నున్నగా, పచ్చగా ఉంది.

మార్చి 15, శనివారం

చెత్త చుక్కలు అందరూ తీసేస్తారు. శిక్షణలో కూడా అదే నేర్పారు.

మార్చి 24, సోమవారం

రాయడానికి తీరిక లేదు. తీరిక ఉన్నా రాయలేదు.

ముందుగా పంపిన మన సమాచారం బాగుందని ప్రాంతీయ ఆఫీసు మెచ్చుకుంది. దాన్నిబట్టి కొత్త టైములు వేసి పంపారు, ఇవాళ్టి నుంచే అమలు. నాలుగో నంబరు రూటుకి పాత టైము మరీ ఎక్కువగా ఉందని కోసేశారు. మిల్లు వాలు మీద బస్సులు ఎక్కడా తగ్గకుండా దూసుకుపోతున్నాయని మన లెక్కలే చెబుతున్నాయి కదా. మిగిలిన టైముతో బడి వైపు ఒక ట్రిప్పు కలిపారు. కమిషనర్ సంతోషం అంతా ఇంతా కాదు. పక్క మున్సిపాలిటీ వాళ్ళు ఫోన్ చేసి మేమూ మీలాగే చేద్దామనుకుంటున్నాం, మీవాళ్ళని ఒకసారి పంపండి అన్నారట. మీవాళ్ళంటే నేనే.

ఆయన ఇంటికొచ్చి చెప్పులు విసిరినట్టు విడిచారు. ఎప్పుడూ అలా చేయరు.

"ఎవరో గదిలో కూర్చుని రోడ్డు గీస్తే మేం దాని మీద ఎగరాలి. నడిపేవాడిని ఒక్కడినైనా అడిగారా?"

అత్తయ్య నా వైపు చూసింది. నేను పొయ్యి వైపు చూశాను.

"గీసింది నేనే" అన్నాను చివరికి.

"నీ పొరపాటు కాదులే. నీకు ఇచ్చిన లెక్క అలా ఉండి ఉంటుంది" అన్నారు.

అంత మెత్తగా ఎందుకన్నారో అర్థం కాలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 27, గురువారం

బక్కాయన బస్సులో ప్రమాదం జరిగింది. బక్కాయన అంటే ఆయనతోపాటు నాలుగో నంబరు రూటు నడిపే ఇంకో డ్రైవరు, మా ఇంటికి వస్తూ పోతూ ఉంటాడు, నన్ను వదినా అంటాడు. నిన్న సాయంత్రం ట్రిప్పు ఆయన బదులు తను నడిపాడు. ఆలస్యమైపోయిందని వాలు మీద వేగంగా దిగాడట. కింద రోడ్డు దాటుతున్న మనిషి ఆఖరి క్షణం దాకా కనబడలేదట. బ్రేకు గట్టిగా తొక్కాడు. దాటే మనిషికి ఏమీ కాలేదు గానీ, బస్సులో నిలబడ్డ ఒకావిడ ముందుకి పడి మణికట్టు విరిగింది. కుట్టుపని చేసుకునే ఆవిడట. కుడిచెయ్యి.

డిపో మేనేజరు మధ్యాహ్నం మా ఆఫీసుకి వచ్చి మ్యాపు అడిగాడు. ఇచ్చాను. అందులో బక్కాయన బస్సు ఎంత వేగంతో దిగిందో స్పష్టంగా ఉంది.

"ఇంకేం మేడమ్, మ్యాపే సాక్షి. మిగతా రోజులు అందరూ మామూలుగా టైముకే దిగుతున్నారు కదా. వీడికే ఆలస్యం ఎందుకయింది?" అని బక్కాయనని విధుల్లోంచి తప్పించాడు.

మిగతా రోజులు అందరూ టైముకి దిగడం లేదు. దిగుతున్నట్టు నేను చూపించాను. ఈ రెండు వాక్యాలూ రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మార్చి 28, శుక్రవారం

గీత తీసేశాను. అసలు చుక్కలన్నీ, ఏడాది పొడుగునా ఉన్నవి, పెట్టె ఎలా పంపిందో అలాగే తెరిచాను.

ఆ వాలు మీద సాయంత్రం పూట అందరూ నెమ్మదిస్తున్నారు. ఆయన ఒక్కరే కాదు, అందరూ. కానీ ఏడాదంతా కాదు. జూన్‌లో లేదు, డిసెంబరులో లేదు. సెప్టెంబరు చివర ఉంది, మళ్ళీ ఫిబ్రవరి చివర మొదలై ఇప్పుడు ఉంది. మబ్బు పట్టిన రోజుల్లో లేదు.

సగం రోజు బుర్ర పని చేయలేదు. తర్వాత కిటికీలోంచి చూస్తే తట్టింది. సూర్యుడు. ఆ రోడ్డు తిన్నగా పడమటికి దిగుతుంది. ఈ వారాల్లో పొద్దు సరిగ్గా ఆ రోడ్డు చివరే వాలుతుంది. డ్రైవర్ల కళ్ళలోకి తిన్నగా కొడుతుంది. వాళ్ళు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. సూర్యుడి మీద ఎవరికని ఫిర్యాదు చేస్తారు? యాక్సిలరేటరు మీంచి కాలు తీసి నెమ్మదిగా దిగుతున్నారు, అంతే. నేను టైము కోయించేసరికి ఆ నెమ్మది పోయింది.

కనిపెట్టినందుకు ఒక్క నిమిషం గర్వంగా కూడా అనిపించింది. ఆ కుట్టుపని ఆవిడ గుర్తొచ్చింది. గర్వం ఎటు పోయిందో తెలియదు.

కానీ ఒకటి తేలలేదు. అందరూ నెమ్మదిస్తారు. పోయిన సెప్టెంబరులో ఆయన కూడా అందరిలాగే నెమ్మదించారు. ఈసారి ఆగుతున్నారు. ఆగేది ఆయన ఒక్కరే. ఎందుకు? నర్సరీ ఆవిడ సెప్టెంబరులో అక్కడ లేదేమో. ఛీ, ఇంకా అదే ఆలోచన.

మార్చి 29, శనివారం

ఇవాళ సాయంత్రం ఆయన బస్సు ఎక్కాను. చెప్పకుండా.

ముందు తలుపులోంచి ఎక్కాను. ఆయన అద్దం పక్క నుంచి నా వైపు తిరిగి, తిన్నగా నా ముఖంలోకి చూసి, "లోపలికి జరగండమ్మా, దారిలో నిలబడొద్దు" అన్నారు.

ముందు వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆ గొంతు నాకు తెలియదు. అది ప్రయాణికులతో మాట్లాడే గొంతు. కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. అప్పటికింకా బస్సు కదలనే లేదు.

ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాను. మిల్లు దాటింది. ఎదురుగా అద్దమంతా మండిపోతున్నట్టు అయింది. నాకే రోడ్డు కనబడలేదు, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆయన బస్సుని మెల్లగా, ఎడంవైపు చక్రం అంచు రాయిని రాసుకునేదాకా పక్కకి తీశారు. ఆపేశారు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి తలవంచుకుని కూర్చున్నారు.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ గుసగుసగా చెప్పింది. "రోజూ ఇంతే. ఈయనకి పొద్దుగూకడం చూసే అలవాటు. మంచి డ్రైవరు, ఎవరం ఏమీ అనం."

నర్సరీ ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి కిటికీలోంచి అందించింది. ఆయన తాగలేదు. కళ్ళు కడుక్కున్నారు. మళ్ళీ మళ్ళీ కడుక్కుని, జేబురుమాలుతో ఒత్తుకుని, చెంబు తిరిగి ఇచ్చేశారు. ఆవిడ "జాగ్రత్త అన్నయ్యా" అంది.

పొద్దు కిందికి జారాక బస్సు కదిలింది.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. నేను దిగలేదు.

"దిగాలమ్మా, ఇదే ఆఖరు" అన్నారు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

గొంతు వినగానే ఆయన వీపు బిగుసుకుపోయింది. వెనక్కి తిరగకుండానే అన్నారు. "నువ్వెక్కినప్పుడే గుర్తుపట్టాను. ఊరికే ఆట పట్టిద్దామని."

"నేనేం రంగు చీర కట్టుకున్నాను?"

"నీలం."

పసుపు.

నేనేమీ అనకపోయేసరికి ఆయనకి అర్థమైపోయింది. సీటు మీద పక్కకి తిరిగి కూర్చున్నారు. చలికాలం నుంచట. ముందు దీపాల చుట్టూ గుండ్రాలు కనబడేవి. తర్వాత వెలుగు ఎదురైతే అంతా పాలు పోసినట్టు తెల్లగా అయిపోవడం. నీడలో బాగానే కనబడుతుందట. బాగానే అంటే ఎంత బాగా అని అడిగితే చెప్పలేదు. మిగతా రూటంతా కళ్ళు మూసుకుని నడపగలనన్నారు. ఆ మాట అన్నాక ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, తల దించుకున్నారు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు నడపనిస్తావా? సీట్లోంచి దింపాక మళ్ళీ ఎక్కించరు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టు. పొద్దు పక్కకి జరిగిపోతుంది, ఇంక ఇబ్బందే ఉండదు. వేసవి అంతా బాగుంటుంది."

"జరుగుతుందని నాకూ తెలుసు, మ్యాపులో చూశాను" అన్నాను. ఎందుకన్నానో. ఓదార్చడానికా, ఒప్పుకోవడానికా, ఎందుకో తెలియదు.

మచ్చ గురించి చెప్పాను. గీత గురించి చెప్పాను. బక్కాయన గురించి కూడా. ఆయన అన్నీ విన్నారు. "అయితే అది నా వల్లేనా?" అన్నారు. "నా వల్ల" అన్నాను. ఇద్దరం ఖాళీ బస్సులో ఎవరి వాటా ఎంతో పంచుకుంటున్నట్టు కూర్చున్నాం.

మార్చి 30, ఆదివారం

తుది మ్యాపు పంపడానికి రేపటితో గడువు.

అసలు చుక్కలు బయటపెడితేనే బక్కాయన నిలబడతాడు. బయటపెడితే ఆయన మచ్చ కూడా కనబడుతుంది. ఆయన బస్సొక్కటీ తీసేసి మిగతావి ఇవ్వొచ్చు. రెండు మీటలు నొక్కితే చాలు. సూర్యుడి సంగతి తేలుతుంది, టైము మళ్ళీ కలుస్తుంది, బక్కాయన తిరిగొస్తాడు, ఆయన ఉద్యోగం ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదని నాలుగుసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ నన్ను చూసి అమ్మా అన్న ఆ గొంతే వినబడుతోంది.

ఆయన పొద్దుటి నుంచి బాల్కనీలో కూర్చుని ఉన్నారు. అత్తయ్య నా దగ్గరికి వచ్చి బట్టలు మడతపెడుతూ, "వాడికి కళ్ళు కనబడటం లేదు" అంది, ఇవాళ ఎండగా ఉంది అన్నంత తేలిగ్గా.

"మీకు తెలుసా?"

"వాడి చొక్కా గుండీలు చూడు, ఎప్పుడూ ఒకటి పైకి, ఒకటి కిందికి. బస్సుని వాడు నడుపుతున్నాడో, బస్సే వాడిని తోలుకొస్తోందో."

"నాకు చెప్పలేదేం అత్తయ్యా?"

"నువ్వడగలేదు. వాడూ అడగలేదు. ఈ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ అడగరు" అని మడతలు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాకు కోపం రావాలి. ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

మార్చి 31, సోమవారం

చెప్పేశాను.

నేను లేచేసరికే ఆయన ఇంట్లో లేరు. డ్యూటీకి వెళ్ళారనుకున్నాను. కమిషనర్ గదిలో డిపో మేనేజరు కూడా ఉన్నాడు. మ్యాపు గోడ మీద వేశాను, గీత తీసేసి, అన్ని బస్సులతో. సూర్యుడి సంగతి చెప్పాను. నెలలు ఒక్కొక్కటిగా మార్చి చూపించాను. కమిషనర్ ముందుకి వంగి చూస్తున్నారు.

"మరి ఈ మచ్చ? పెట్టె తప్పన్నారు కదా?"

"తప్పు పెట్టెది కాదు మేడమ్. అది మా ఆయన బస్సు. చూపు సరిగా లేక అక్కడ ఆపుతున్నారు. అప్పటికి నాకు కారణం తెలియదు, బస్సు మాత్రం ఎవరిదో తెలుసు. తెలిసే తీసేశాను. ఒక్కటి దాచబోయి అందరివీ తీసేశాను. కొత్త టైములు దాని మీదే వేశారు."

నేను డిపో మేనేజరు వైపు తిరిగి, ఆయన్ని ఇవాళ సీటెక్కనివ్వొద్దు అన్నాను.

మేనేజరు అదోలా చూశాడు. "ఆయన ఎక్కలేదు మేడమ్. డిపో తెరిచేసరికే వచ్చి బస్సు తాళాలు నా బల్ల మీద పెట్టి, కళ్ళు కనబడటం లేదు, నేను నడపకూడదు అని చెప్పి వెళ్ళిపోయారు. మీకు చెప్పలేదా?"

"లేదు."

"మీకు ఏమీ తెలియదన్నారే."

నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో. అక్కడే కుర్చీలో కూలబడ్డాను.

కమిషనర్ అరవలేదు. అరిస్తే తట్టుకునేదాన్ని. "నేనూ అడక్కుండానే తీసేయమన్నాను" అన్నారు. తర్వాత, "కానీ మీకు తెలుసు, నాకు తెలియదు" అన్నారు. రెండూ నిజమే. ప్రాంతీయ ఆఫీసుకి తనే ఫోన్ చేసి, మేం పంపింది తప్పు, వెనక్కి తీసుకుంటున్నాం అని చెప్పారు. ఈ విడతలో యాప్‌లో మన ఊరు ఉండదు. నా మీద విచారణ ఉంటుంది. బక్కాయనని తిరిగి తీసుకోమని మేనేజరుకి అక్కడే చెప్పారు.

ఇంటికొచ్చేసరికి ఆయన అత్తయ్య దగ్గర కూర్చుని ఉన్నారు.

"నాకు చెప్పకుండా ఎందుకు వెళ్ళారు?"

"నీ నోటితో చెప్పించకూడదనుకున్నాను" అన్నారు. "నువ్వు కూడా చెప్పేశావా?"

"చెప్పేశాను."

ఆయన తలూపారు. ఆ తర్వాత రోజంతా నాతో మాట్లాడలేదు. ఆయన ముందే చెప్పేశారు, అయినా నేను కూడా చెప్పినందుకు కోపం వచ్చింది. న్యాయమే అనిపిస్తోంది, ఎలా న్యాయమో మాత్రం తెలియడం లేదు.

ఏప్రిల్ 4, శుక్రవారం

కుట్టుపని ఆవిడని చూడటానికి వెళ్ళాను. చిన్న గది, గోడ పక్కన మిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. జరిగిందంతా చెప్పాను. ఆవిడ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని విన్నది.

"చెయ్యి అతుక్కుంటుందట. ఇక్కడికొచ్చే వాళ్ళు ఈలోగా వేరే చోటికి అలవాటు పడిపోతారు. వాళ్ళనెవరు అతికిస్తారు?" అంది.

క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగలేదు. వచ్చేటప్పుడు మాత్రం, "మిల్లు దగ్గర ఆ ఎండ సంగతి మాకెప్పుడో తెలుసు. ముందు అద్దం పక్క సీట్లో ఎవరం కూర్చోం" అంది.

ఏప్రిల్ 9, బుధవారం

కళ్ళ డాక్టరు చూశారు. పొరలు బాగా ముదిరాయట, రెండు కళ్ళకీ. ఆపరేషనుతో చూపు వస్తుందన్నారు. మళ్ళీ బస్సు నడపొచ్చా అంటే, ముందు చూపు రానివ్వండి అన్నారు. ఆయన ఆ జవాబుని తిరగేసి మరగేసి చూసుకుంటున్నారు. నేనూ అంతే.

ఏప్రిల్ 17, గురువారం

మ్యాపు పని నా నుంచి తీసేస్తారనుకున్నాను. విచారణ తేలేదాకా ఒంటరిగా ముట్టుకోవద్దన్నారు. ప్రతి వారం ఇద్దరు డ్రైవర్లు పక్కన కూర్చోవాలి. ఏ చుక్క తీసేసినా ఎందుకు తీశామో పక్కనే రాయాలి, డ్రైవరు పేరు మాత్రం ఎక్కడా రాకూడదు. ఇవాళ మొదటిసారి కూర్చున్నాం. ఒక డ్రైవరు ఆసుపత్రి మలుపు మచ్చ చూసి, ఇది ఆటోల వల్ల కాదు మేడమ్, అక్కడ గుంత ఉంది అన్నాడు. ఇంకో డ్రైవరు, గుంత కాదు, ఆటోలే అన్నాడు. గంట వాదించుకున్నారు. రెండూ అని రాసుకున్నాను.

నాలుగో నంబరుకి పాత టైమే మళ్ళీ ఇచ్చారు, బడి ట్రిప్పు ఆగిపోయింది. దానికి పిల్లల తల్లులు వచ్చి గొడవ చేశారు. వాళ్ళది తప్పా అంటే కాదు. వాలు కింద రోడ్డు దాటే చోటు కాస్త ఎగువకి, నీడలోకి మారుస్తున్నారు.

ఏప్రిల్ 26, శనివారం

మొదటి కంటికి ఆపరేషన్ అయి వారమైంది. ఇవాళ పచ్చకళ్ళజోడు తీసేసి తిరగొచ్చన్నారు.

మధ్యాహ్నం నేను ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని ఉంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు. ఊళ్ళోవాళ్ళు ఎవరైనా చూసుకోవడానికి ప్రాంతీయ యాప్‌తో పని లేకుండా మ్యాపుని మున్సిపాలిటీ పేజీలో పెట్టారు. దాన్నే చూస్తున్నాను. వారం రోజులుగా ఆయన నాతో కావలసినంతే మాట్లాడుతున్నారు.

"ఇదేనా అది?" అన్నారు.

"ఇదే."

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మంచి కంటితో చూడటానికి తల కొంచెం పక్కకి వంచారు. నాలుగో నంబరు చుక్క ఒకటి మార్కెట్ దాటి కదులుతోంది.

"ఎవరది?"

"పేరు ఉండదు. కానీ ఈ షిఫ్టు బక్కాయనది."

"ఇంత చిన్నగా కనబడతామా?" అన్నారు. నేను పెద్దది చేసి చూపించబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "వద్దు, ఊరంతా కనబడనీ."

ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చుక్క వంతెన దాటింది, లైబ్రరీ దగ్గర ఆగింది, కదిలింది. అత్తయ్య వచ్చి వెనక నిలబడి, "ఏముంది అందులో?" అంది. "బస్సమ్మా" అన్నారు ఆయన. ఆవిడ కాసేపు చూసి, బస్సేదీ అని వెళ్ళిపోయింది.

చుక్క ఆసుపత్రి మలుపు దగ్గరికి వస్తోంది. కిందికి చూస్తే, కుర్చీ కింద ఆయన కుడికాలు చెప్పులోంచి బయటికొచ్చి నేలని మెల్లగా నొక్కుతోంది. మలుపు తిరిగేదాకా అలాగే నొక్కి ఉంచి, తర్వాత వదిలారు.

నేను చూశానని ఆయన చూశారు. నా ముఖంలోకే చూశారు.

"గుంత ఉందక్కడ" అన్నారు.